అప్పు పద్దు

గుణుపురం బస్టాండు వెనక నా విత్తనాల కొట్టు.
ప్యాకెట్టు మీద వంకాయ
ఏ చేలోనూ కాయనంత నున్నగా మెరుస్తుంది.
పదిహేనేళ్లు ఆ మెరుపే అమ్ముకున్నాను.

ఆ యేడు వంశధార ఒడ్డున
మిట్టమధ్యాహ్నం మొక్కలు తలలు వాల్చాయి.
ఆకు పండలేదు, పురుగు లేదు,
పచ్చగా ఉండగానే ప్రాణం పోయింది.
ఓ రైతు కాండం కోసి, గాజుగ్లాసు నీళ్లలో పెట్టి
నా బల్ల మీద ఉంచాడు.
తెగిన చోటు నుంచి తెల్లటి దారం
సాంబ్రాణి పొగ తిరగబడినట్టు కిందికి దిగింది.
ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.
డబ్బు వెనక్కి అడగలేదు.
అడిగుంటే బావుండేది.

ఒకే జతకి పుట్టిన లక్ష మొక్కలు.
ఒకదానికి ఎదిరించడం రాకపోతే
ఏ ఒక్కదానికీ రాదు.

మంగళవారం సంతలో మాత్రం
సుంబారి గొమాంగో గంపలో వంకాయలున్నాయి.
చారలవి, ముచ్చిక నిండా ముళ్లున్నవి,
కోడిగుడ్డంత తెల్లవి,
పండితే నారింజ రంగుకి తిరిగే చేదుది ఒకటి,
"జొరానికి" అంది.
పెళ్లి ఫోటోలో చుట్టాల్లా
ఒకరి పోలిక ఒకరికి లేకుండా ఇరుక్కుని కూర్చున్నాయి.

విత్తనం కేజీ ఎంతకిస్తావన్నాను.
"ఇత్తనం అమ్మితే పంట అలుగుద్ది సావుకారీ.
అప్పిత్తాం. పిడికెడికి రెండు పిడికిళ్లు, వచ్చే యేడికి."

కెరంగుడ కొండెక్కాను.
పొయ్యికి పైన, పొగలో,
ఎండిన ఆనపకాయ బుర్ర వేలాడుతోంది.
బూడిద కలిపిన గింజలు తీసి నా తువ్వాల్లో పోసింది.
కాటా లేదు.
ఇచ్చేటప్పుడు ఆమె పిడికిలి, తీర్చేటప్పుడు నాది.
నా పిడికిలి పెద్దది.
వ్యాపారం లెక్కన అది అన్యాయం.

ఆ రాత్రి ఖాతా పుస్తకం తీసి
బాకీదార్ల పేజీలో నా పేరు రాసుకున్నాను.
ఎంత అన్న చోట: పిడికెడు.

గోడౌను వెనక నారు పోశాను.
పక్క మడిలో కంపెనీ వాళ్ల కొత్త రకం.
గండుతుమ్మెదలకి గట్లేం తెలుసు,
రాష్ట్రాల మధ్య గీతే తెలియదు వాటికి,
మన్యం నుంచి ఇటు, ఇటు నుంచి మన్యానికి
ఏ చెక్‌పోస్టూ ఆపని పుప్పొడి.

మరుసటేడు బాకీ మోసుకెళ్లాను,
విత్తనం కాయలతో సహా.
సుంబారి ఒక్కొక్కటే తిప్పి చూసింది.
కొన్నిటిని పక్కకి నెట్టింది.
"ఇవి నేనిచ్చినవి కావు."
ముళ్లు సగం, చార సగం,
ఎవరింటి పిల్లలో చెప్పలేని ముఖాలు.
ఒకటి పచ్చిదే కొరికి, తొక్క ఉమ్మి,
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత దాని గింజలు వేరే బుర్రలో వేసింది.
"మూడేళ్లు చూద్దాం. నిలబడితే పేరెట్టాల."

ఎవరి పేరు, అని తొందరపడ్డాను.
గుడిసెలో అందరూ నవ్వారు.

ఒక పిడికిలి తీరింది. రెండోది తీరలేదు.
ప్యాకెట్లు ఇంకా అమ్ముతూనే ఉన్నాను,
అబద్ధమెందుకు.
కానీ కొనేవాడితో అంటున్నాను,
ఓ సాలు పాతది కూడా వెయ్యవయ్యా, అని.
సగం మంది వినరు.

ఆ గ్లాసు కడిగి బల్ల మీదే పెట్టుకున్నాను.
టీ పోసే ముందు
ఎందుకో ఓసారి అడుగుకేసి చూస్తాను.