చూరు కింద జానెడు

నేను కిటికీలకు వలలు బిగిస్తాను.
హెచ్.ఎస్.ఆర్. లేఔట్ నుంచి సర్జాపుర రోడ్డు దాకా
ఏ అపార్టుమెంటుకు ఎన్ని రెక్కలో
నా టేపుకు తెలుసు.
పద్నాలుగో అంతస్తులో ఒకావిడ అడిగింది,
"ఇంత పైకి దోమ వస్తుందా?"
లిఫ్టులో వస్తుందమ్మా, అన్నాను.
నవ్వింది. ఆర్డరిచ్చింది.

ఆ సాయంత్రమే ఊరి నుంచి ఫోను.
అన్న కూతురు చందనకు జ్వరం,
ఆనేకల్ ఆసుపత్రిలో పడుకోబెట్టారు,
రక్తంలో లెక్క పూటపూటకూ దిగుతోందట.
నాకు లెక్కలంటే అంగుళాలే.
ఈ లెక్కను ఏ టేపు పెట్టి పట్టుకోను?

ఐదో రోజు లెక్క పైకెక్కింది.
ఆరో రోజు బిడ్డ ఇడ్లీ అడిగింది.
ఆదివారం,
షాపులో మిగిలిన వల ముక్కలు చుట్టచుట్టి భుజానేసుకుని
రెండు బస్సులు మారి ఇంటికి పోయాను.

టేపు లాగితే
మా ఇంట్లో ఒక్క మూలా మూలమట్టానికి రాదు.
కిటికీ పైన ముప్పై, కింద ఇరవై ఎనిమిది.
తలుపు కింద పిల్లి దూరేంత.
గోడకూ రేకుకూ మధ్య, చూరు పొడుగునా,
జానెడు ఖాళీ.
పొయ్యి పొగ పోవాలని తాత వదిలాడట.
పొగ పోయే దారిలో
ఇన్నేళ్ళూ లోపలికి ఏం వచ్చిందో
ఎవరమూ తలెత్తి చూడలేదు.
ఊళ్ళో కిటికీలన్నీ మూసుకుని పడుకున్నాం,
అంతే.

"మూసేస్తావా?" అంది పిళ్ళమ్మవ్వ.
మూయను, వల వేస్తా. గాలి ఆడుతుంది, పొగ పోతుంది.
"మరి నా సామాన్లు?"

స్టూలెక్కి, అవ్వ చెప్పిన చోటల్లా చెయ్యి పెట్టాను.
మొండి కొడవలి.
పళ్ళూడిన దువ్వెన.
ఎవరిదో జాతకం, సగం చెదలు తిన్నది.
తాత బీడీకట్ట, ఇంకా నాలుగు మిగిలి.
ఆ వెనక జుట్టు ఉండలు,
స్టీలు గిన్నెలవాడు వస్తే ఇద్దామని
ఏళ్ళ తరబడి వేలికి చుట్టి దోపినవి.
అడుగున నల్లవి. పైకొచ్చేకొద్దీ నెరిసినవి.
ఒక ఉండ తీస్తే
దాని వెనక పగలంతా నిద్రపోయిన దోమ ఒకటి
నింపాదిగా లేచి, వదిన చీర మీదుగా వెళ్ళిపోయింది.
అవ్వ చూసింది. ఏమీ అనలేదు.
బీడీకట్ట మాత్రం చెంగుకు కట్టుకుంది.

అన్న మట్టి కలిపి బీటలు పూడ్చాడు.
నేను చెక్కపట్టీలు కోసి, వంకర గోడకు వంకరగానే
వల బిగించాను.
ఇంత అధ్వాన్నమైన పని పద్నాలుగో అంతస్తులో చేస్తే
కూలి ఇవ్వరు.
ఆఖరి ముక్క నీళ్ళ డ్రమ్ము మూతికి సరిపోయింది.
వదిన దాన్ని పాత సైకిల్ ట్యూబుతో కట్టింది,
నాకంటే గట్టిగా.

చీకటి పడ్డాక, ఉత్తరాన
బెంగళూరు వెలుతురుకి ఆకాశం ఎర్రబడింది.
చందన మంచమ్మీద వెల్లకిలా పడుకుని
ఆ ఎరుపు మీద వల గళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టి
నూట పన్నెండు దగ్గర నిద్రపోయింది.
రేకు అవతల
సన్నటి రొద, అలవాటైన రొద.
కానీ అవతల.

అవ్వ తల దువ్వుకుంది.
ఊడిన నాలుగు వెంట్రుకలు వేలికి చుట్టి
చూడకుండానే చెయ్యి పైకెత్తింది.
వేళ్ళకు వల తగిలింది.
ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది,
తెలిసిన ఇంటి తలుపు మొదటిసారి మూసి ఉంటే
ఆగినట్టు.

నేను లేచి
డబ్బాలో ఇంకో మేకు కోసం వెతికాను.