మూడో పిలుపు

సూదురోయ్ దీవి కొండమీద ఒక రౌటర్,
సముద్రం అవతల సాండోయ్‌లో ఇంకొకటి.
మధ్యన గాలి, ఉప్పు,
ఎదురెదురుగా రెండు డిష్‌లు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో
ఒకటి పడిపోయిందని రెండోదానికి తెలియడానికి
నలభై సెకన్లు పట్టేది.
అంతసేపూ అది
లేని చేతికి ఉత్తరాలు అందిస్తూనే ఉండేది.
ఒకసారి వాటిల్లో
పడవ మీదనుంచి బార్దుర్ చేసిన ఫోను కూడా ఉంది.
"ఇంజిను..." అన్నాడట.
మిగతాది చేపలు విన్నాయి.
(ఒడ్డు చేరాడు లెండి.
చేరి, ముందు నన్ను తిట్టాడు.)

ఆ తర్వాతే ఈ ఏర్పాటు.
యాభై మిల్లీసెకన్లకొకసారి
ఇటునుంచి "ఉన్నాను",
అటునుంచి "ఉన్నాను".
కబురు లేదు, కుశలం లేదు.
ఈ దీవుల్లో వాన ఊసెత్తకుండా మాట్లాడుకునేది
ఈ రెండే.
వరసగా మూడు పలుకులు అందలేదా,
రెప్ప వాలేలోపు దారి మార్చేస్తాయి.

మౌనం అర్ధాంగీకారమట!
ఆ మాట అన్నవాళ్ళు
జనవరిలో టవరెక్కి ఉండరు.

జనవరిలోనే మరి, గాలికి డిష్ వణికి
ఒక్క రాత్రిలో అరవై ఒక్కసార్లు
సాండోయ్ చచ్చిపోయి బతికింది.
"దీనికింత తొందరేమిటి?" అన్నాడు తైతుర్,
పనిలో చేరి వారమైన కుర్రాడు.
యాభైని మూడువందలు చేశాను.
ఓపిక ఎంత ఉండాలో
ఏ పుస్తకంలోనూ లేదు,
గాలినడిగి రాసుకోవాలి.

నిన్న రాత్రి వేరే సంగతి.
సాండోయ్ పలుకు మాకు చక్కగా అందుతోంది.
మాదే అక్కడికి చేరడం లేదు.
మేం ఎంత అరిచినా
అటునుంచి ఒకటే మాట, మర్యాదగా, మళ్ళీ మళ్ళీ:
"నువ్వు నాకు వినపడటం లేదు."
వినపడటం లేదని చెప్పడానికైనా
ఒక వైపు దారి మిగలాలి కదా.
బార్దుర్‌కి ఆ రోజు అదీ మిగల్లేదు.

పలుకు మోసే తీగలో ఉప్పునీరు దిగినట్టుంది.
స్పానరు నడుముకి కట్టుకుని ఎక్కాను.
వేళ్ళు నావి కానట్టున్నాయి.
కిందనుంచి తైతుర్ "సున్వా!" అన్నాడు.
పలికాను.
గాలి నా మాట ఎత్తుకుపోయింది.
మళ్ళీ "సున్వా!"
మళ్ళీ పలికాను, గొంతు చించుకుని.

మూడో పిలుపు రాలేదు.
నిచ్చెన మొదటి మెట్టుమీద
బూటు చప్పుడు.