పదో చెక్క

వైనతేయ మీద పంటు కదలాలంటే
ఇంకో రెండు మోటారు సైకిళ్లు ఎక్కాలట.
ఒళ్లో పెట్టె పెట్టుకుని కూర్చున్నాను.
పెట్టెలో పది చెక్కముక్కలు, గిలక్కాయ, చిన్న గంట,
బొమ్మల పుస్తకం, నొక్కితే ఆగే గడియారం,
పద్నాలుగు పేజీల ఫారం.
పక్కన అరటి గెలల బేరగాడు అడిగాడు:
"బొమ్మలమ్ముతారాండీ?"
కాదనడానికి చాలాసేపు పట్టింది నాకు.

ఫారం ప్రకారం ఆరేళ్ల పిల్లవాడు
పది చెక్కలూ ఒకదానిమీదొకటి నిలబెట్టాలి.
ఎత్తుకి మార్కులు.
ఎలీషా నిలబెట్టలేదు.
అంగన్‌వాడీ గచ్చు మీద బోర్లా పడుకుని
వరసగా, పొడుగ్గా పేర్చుకుంటూ పోయాడు,
ఒక్కోదాన్నీ అరచేత్తో అదిమి, మట్టి తొక్కినట్టు.
ఏడోదానికీ ఎనిమిదోదానికీ మధ్య
వేలెడు సందు వదిలాడు.
"ఇదేంట్రా?"
పలకలేదు. సందులోకి ఉఫ్ఫున ఊదాడు.
వాళ్ల మామ్మ దీవెనమ్మ గుమ్మంలోంచి అంది:
"గండి పడిందండి అక్కడ.
మాటలొచ్చండి ఆడికి. వాడడు, అంతే.
మబ్బేత్తే మటుకు పడుకోడు,
మంచం కోడు పట్టుకుని కూకుంటాడు తెల్లార్లూ."

ఎత్తు: ఒకటి. వేశాను.
పొడుగుకి గడి లేదు.

తర్వాత అంకెలు.
నేను మూడు చెబితే వెనకనుంచి అప్పజెప్పాలి.
నాలుగు, తొమ్మిది, రెండు అన్నాను.
గోడకేసి చూస్తూ మొదటిసారి నోరు విప్పాడు:
"పదిహేడుమ్ముప్పావు.
పదమూడుమ్ముప్పావు.
పదకొండుమ్ముప్పావు."
టీచరు నాగసత్యవతి నవ్వబోయి ఆపుకుంది.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక, రెండోది, మొదటిది.
నీళ్లు తీసే వరస.
వెనకనుంచే చెప్పాడు మరి.
నేనడిగినవి కావు కనక
సున్నా.

ముప్పై ఒకటో ప్రశ్న:
పిల్లవాడు ముడి విప్పగలడా? అవును, కాదు.
దీవెనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"మొన్న వరదకి దూడ పలుపు తడిసి బిగిసిపోయిందండి.
ఆడి ఏళ్లు చిన్నయి."
ఎలీషా తలెత్తలేదు.
నేను కలం మూత పెట్టేశాను.

రాత్రి అమలాపురం లాడ్జిలో
ఫ్యాను గాలికి ఎగిరే ఫారాల మీద
మందుల సీసాలు, చెప్పులు, నీళ్ల చెంబు పెట్టాను.
నాలుగొందల పన్నెండుమంది పిల్లలు.
లెక్కలు చూసే మిత్రుడు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు:
"ఆ ఒక్కణ్నీ తీసెయ్యి, గీత సాఫీగా వస్తుంది."
ఇక్కడ సాఫీగా పోయేవి తవ్విన కాలవలేనని,
ఏరు ఎక్కడా తిన్నగా పోలేదని
చెబుదామనుకుని
సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.
బయట చినుకు మొదలైంది.
లాడ్జి మంచం పెట్టెలా ఉంది, కోళ్లు లేవు.
పట్టుకోవడానికేమీ దొరకలేదు.

అప్పుడు లెక్కపెట్టాను. చెక్కలు తొమ్మిది.
పదోది ఎక్కడుందో తెలుసు.
అడగలేదు.

తొమ్మిదితో పరీక్ష చెల్లదు.
కొత్త సెట్టు ఢిల్లీ నుంచి రావాలి, నెలన్నర.
అంబాజీపేట వడ్రంగి బ్రహ్మాజీ
పనస ముక్క కోసి, చిత్రిక పట్టి,
మూడు వైపులా అంగుళం చొప్పున కొలిచి ఇచ్చాడు.
డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.
మిగతావాటికంటే పచ్చన, రవ్వంత బరువు.
అన్నీ ఒక్కలా ఉండాలని నిబంధన.

ఇప్పటికి మూడు లంకలు తిరిగాను.
పెట్టె బోర్లించడం ఆలస్యం,
ఏ పిల్లయినా, ఏ పిల్లాడయినా
ముందు ఆ పనస చెక్కే ఏరుకుని
ముక్కు దగ్గర పెట్టుకుంటున్నారు.

గడియారం నొక్కడం
మర్చిపోతున్నాను.