గోడకు ఇవతల

కావలిలో ఎక్కితే
గ్లాసులో టీ చల్లారకముందే బిట్రగుంట.
నల్ల సంచిలో బేస్ గిటారు నా ఒళ్ళో.
ఎదురు సీటు అవ్వ అడిగింది,
"వీణా, పాపా?"
వీణకి మేనమామ అవ్వా, అన్నా.

స్టేషన్ వెనక జిలానీ బాషా కొట్టు.
బోర్డులో 'రే' రాలిపోయి
"డియోలు బాగుచేయబడును."

"ఏంది కంప్లయింటు?"
"మోగుతుంది తాతా. మరీ మోగుతుంది.
స్టీలు బేసిన్‌లో గోళీలు పోసినట్టు.
నాకు పాత గొంతు కావాలి.
తడిమన్నులో గునపం దిగినట్టు
దుమ్మని, ఆగిపోయేది."

స్క్రూడ్రైవరుతో చెవి వెనక గోక్కున్నాడు.
"అట్టాంటిది నేనొకటి విన్నా."
ఎక్కడో చెప్పలా.

పలక విప్పితే
లోపల వేలిగోరంత కెపాసిటరు, ఆకుపచ్చది.
"దీని మాట ఎవురింటారు" అని పీకేశాడు.
అటక మీది చచ్చిన వాల్వు రేడియో దించి
సగం కాల్చిన చుట్టంత దాన్ని బయటికి తీశాడు,
కాగితం చుట్టి మైనం పోసింది.
మీటరు పెట్టాడు. ఊపిరుంది.
పనిలో పనిగా ఓ వాల్వు వెలుగుకి పట్టి
"లోపల మెరిసేది చూడు, అభ్రకం.
మన సైదాపురం గనిదే అయ్యుంటది" అన్నాడు.
బేసుకీ దానికీ ఏ సంబంధమూ లేదు.
కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తాడట.

సాల్డరింగు పెడుతుంటే
గుగ్గిలం పొగలో ఆయన మొహం
కాసేపు దర్గాలో ఉన్నట్టుంది.

తీగలు నేను తెచ్చినవే, చెన్నై నుంచి.
మూడు పెళ్ళి రిసెప్షన్ల సంపాదన.
గరుకు లేని చదును చుట్టు;
వేలు జారిస్తే బండ మీద పాము పోయినట్టు,
చప్పుడే లేదు.
తీగల్ని అదమడానికి బ్రిడ్జి దగ్గర
పాత బెర్తు స్పాంజి ముక్క దూర్చాడు.
"స్లీపరు బోగీది. ఎట్టొచ్చిందని అడగబాక."

వాయించా.
తల అడ్డంగా ఊపాడు.
టోన్ మరను పూర్తిగా మూశా. ఊహూఁ.
స్పాంజి ఇంకాస్త మందం. ఊహూఁ.
వేళ్ళొదిలేసి బొటనవేలితో మీటా.
"దగ్గరకొచ్చింది. రాలా."

మధ్యాహ్నం దాటింది. నాకు కోపమొచ్చింది.
"అసలు యాడ విన్నావు తాతా నువ్వు?"

"రైల్వే ఇన్‌స్టిట్యూట్లో.
శనివారం రాత్రిళ్ళు డాన్సులుండేయి.
డ్రైవర్లు, గార్డులు, గౌన్లేసుకున్న ఆడవాళ్ళు,
నున్నటి చెక్క నేల.
మా నాయన షెడ్డులో బొగ్గెత్తేవాడు.
మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు.
గోడకి వీపానించి కూచునేవాణ్ణి.
పాటేదో తెలిసేది కాదు, మాట తెలిసేది కాదు.
అదొక్కటే ఇటికెల్లో నించి
ఇదిగో, ఇక్కడికొచ్చేది"
అని వెన్ను నడిమికి చూపబోయాడు.
చెయ్యి అందలా.

స్పాంజి వంక చూశా. కారిన మైనం వంక చూశా.
ఈయన అడిగే కెపాసిటరు
ఏ రేడియోలోనూ లేదు.
మూరెడు మందం సున్నపు గోడ అది.
తళుకంతా లోపలివాళ్ళకి ఉంచుకుని
బరువు మాత్రం బయటికి పంపేది.

"తాతా, వెనక్కిపోయి నిలబడు" అన్నా.
మారు మాట్లాడలా.
చెప్పులు తొడుక్కుని, కళ్ళజోడు బల్ల మీదే మరిచి,
కొట్టు చుట్టూ తిరిగి వెళ్ళాడు.

షట్టరు దించా.
చీకట్లో ఆంప్లిఫయరు ఎర్ర చుక్క.
లావు తీగ మీద నిదానంగా
నాలుగే స్వరాలు. ఏ పాటా కాదు.
గూడ్సొకటి పోయింది.
పెట్టెలన్నీ పోయిందాకా ఆగి
మళ్ళీ మొదలుపెట్టా.

చాలాసేపటికి
గోడ మీద అరచేత్తో కొట్టిన చప్పుడు,
మూడుసార్లు.
ఆపమన్నాడో, ఆపొద్దన్నాడో.
లోపలున్నదాన్ని,
నాకెట్టా తెలుస్తది.