ఎవరైనా ఉన్నారా

వాల్దీవియాలో వాన మొదలైతే
ఆగడం మరిచిపోతుంది.
ఇస్మేనియా వంటింట్లో కట్టెల పొయ్యి చుట్టూ
మేం ఐదుగురం, ఆరేసిన మేజోళ్ళు,
ఇవాళైనా తేల్చాల్సిన సంగతి ఒకటి:
మన మాటల గది ఎక్కడ పెట్టుకుందాం?

చిన్న పడవలవాళ్ళకి
ఆటుపోట్ల లెక్క చెప్పే ప్రోగ్రాం మాది.
అమ్మేది కాదు. ఎవరి సొత్తూ కాదు.
ఉద్యోగాలు తినగా మిగిలిన రాత్రుల్తో
పదకొండేళ్ళుగా అతుకులు వేసుకుంటూ వచ్చాం.

పాత గది ఉండనే ఉంది.
నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే.
ఎలెయుతేరియో దాన్ని వదలడు.
ముప్పై ఏళ్ళు ఓడల్లో రేడియో ఆపరేటరు,
ఇప్పటికీ బల్ల మీద వేళ్ళు ఊరుకోవు.
"ఫోన్ నంబరు అడగదు. నువ్వు చెప్పిందే నీ పేరు.
దీవుల్లో ఈగలా పాకే ఇంటర్నెట్‌లో కూడా
చచ్చినట్టు పనిచేస్తుంది.
చుక్కా గీతా చాలలేదా మాకు?"

రాయెన్ తన ఫోను అందరికీ తిప్పి చూపించింది.
రంగులు, గొంతులు, కన్నుకొట్టే పిల్లి బొమ్మలు.
"నాకు తెలిసినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు.
లేనిది మనమే."
లోపలికి రావాలంటే మాత్రం నంబరివ్వాలి.
ఇల్లు మనది కాదు,
యజమాని ఏ పొద్దున తాళం మారుస్తాడో తెలీదు
అన్నాను.
"అద్దె అడగట్లేదుగా" అంది.
"అడగనివాడితోనే భయం" అన్నాడు ముసలాయన.

మూడోది హార్ట్‌విగ్‌ది.
సర్వరు మనమే పెట్టుకోవాలి,
ఊరికొకటి ఉన్నా అన్నీ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.
కాగితం మీద గీసి మరీ చెప్పాడు.
"రాత్రి రెండింటికి అది పడిపోతే
లేపేదెవరు?" అంది ఇస్మేనియా.
హార్ట్‌విగ్ తన సోపాయిపియాని
చాలాసేపు పరిశీలించాడు.

అప్పుడు తీశాను నా సంచిలోంచి
పాత గదిలో మూడు నెలల మాటలు, అచ్చువేసినవి.
ఒకచోట పెన్సిలు గీత.
పేరు సెంతోయా. పీత అని అర్థం.
ఏ రేవు మనిషో, ఏ వయసో.

నాలుగూ పన్నెండు: ఎవరైనా ఉన్నారా
నాలుగూ పదమూడు: కొత్త వర్షన్ వేశాక మెలింకా పట్టికలో గంట తేడా వస్తోంది
నాలుగూ పంతొమ్మిది: ఉన్నారా
నాలుగూ ముప్పై ఒకటి: సరే

వెళ్ళిపోయాడు.

ఆరూ యాభైకి ఎలెయుతేరియో జవాబు.
తొమ్మిది వరసలు, తప్పెక్కడో, ఎలా దిద్దుకోవాలో,
చివర్లో జాగ్రత్త అని కూడా.
ఖాళీ కుర్చీకి.
ఆ గదిలో గడప దాటినవాడికి
వెనక మాట్లాడింది వినపడదు.

పొయ్యిలో కట్టె ఒకటి చిట్లింది.
గంట తేడా అంటే ఏమిటో
మాలో పడవెక్కని వాళ్ళకి కూడా తెలుసు.

ముసలాయన కళ్ళద్దాలు తీసి
స్వెట్టరు అంచుతో తుడిచాడు, తుడుస్తూనే ఉన్నాడు.
"గంటకి రెండుసార్లు
మూడేసి నిమిషాలు నోరు మూసుకునేవాళ్ళం" అన్నాడు.
"సముద్రం మీద రేడియో ఉన్న ప్రతివాడూ.
గడియారంలో ఆ ముక్కకి ఎర్రరంగు వేసి ఉండేది.
ఎవరైనా సన్నగా పిలుస్తున్నారేమో వినడానికి."
కాసేపాగి,
"వీడు రెండుసార్లే పిలిచాడు."

ఓట్లు వేశామో లేదో గుర్తులేదు.
హార్ట్‌విగ్ పెట్టె ఇస్మేనియా మెట్లకింద చేరింది,
బంగాళాదుంపల బస్తా పక్కన.
అక్కడ మాట ఎదురుచూస్తుంది, అడిగినవాడు తిరిగొచ్చేదాకా.
పాత గదికీ దానికీ మధ్య రాయెన్ వంతెన కట్టింది,
గొణుక్కుంటూ, పిల్లి బొమ్మలు రెండు దాటించి.
ఫ్రిజ్ మీద కాగితం: ఏ రాత్రి ఎవరు మేలుకోవాలో.

సెంతోయా మళ్ళీ రాలేదు.
పేరు మార్చుకుని వచ్చాడేమో,
వేరే ప్రోగ్రాం వేసుకున్నాడేమో.
ఏమో అన్నదాన్ని అక్కడితో ఆపుతాను.

మంగళవారం నా వంతు.
నాలుగయింది. మాతే చల్లారింది.
చేపల బజారు దగ్గర సముద్రసింహాలు దగ్గుతున్నాయి.
తెరమీద ఒక్క పేరు వెలిగింది, పాత గది వైపునుంచి.
నిద్ర పట్టలేదు అని రాశాడు ఎలెయుతేరియో.
నాకూ అన్నాను.
తర్వాత మూడు నిమిషాలు
ఇద్దరం ఏమీ రాయలేదు.