కాటా లేచే ముందు

ఆదోని పత్తి యార్డులో తెల్లారుజాము నాలుగు.
కాటా గది బయట పదకొండు ట్రాక్టర్లు,
బోరాల మీద మంచు, బోరాల సందుల్లో నిద్ర.
లోపల ఈరన్న, నేను,
లేవనంటున్న కంప్యూటర్.

"తూనికలోళ్లు డిస్కు పీక్కపోయినారు.
కొత్తది ఏసినాం కదప్పా, ఇంకేం రోగం దీనికి?"

డిలీట్ మీట టపటపా కొట్టినా,
నిద్రపోయే ఇంటి తలుపు తట్టినట్టు.
నీలం తెర తెరుచుకుంది.
అక్కడింకా రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి.

రూపాయి బిళ్ళంత బ్యాటరీ, గోరుతో పీకినా.
కొత్తది పెడితే గడియారం కదిలింది.
తేదీ దిద్దినా.
పాత పద్ధతి బూటింగు మూసేసినా.
సెక్యూర్ బూట్ కాడికొచ్చేసరికి
చెయ్యి ఆగింది.

తాళాలు లేవు.
సెటప్ మోడ్ అని రాసుంది,
అంటే ఎవరు లేపినా లేస్తుంది,
ఎవరి మాటైనా వింటుంది,
పేరడగదు, ఆనవాలడగదు.

బ్యాటరీ చస్తే గడియారం పోతుంది గానీ
తాళాలు పోవు.
వాటిని ఒక చెయ్యి తుడిచెయ్యాల.

ఈరన్న బీడీ ఆర్పి చెప్తాండాడు:
"పోయిన సుగ్గిలో క్వింటాలుకు రెండు కిలోలు తినింది ఇది.
పెన్‌డ్రైవులో యాదో తెచ్చి ఎక్కించినారంట.
హాలహర్వి ఉరుకుందమ్మ
చీటీ ఉండ చేసి నా మొగాన కొట్టింది.
నేనేం జేసేదప్పా,
తెర మీద ఏముంటే అదే చదివితి."

విన్నా. తలెత్తలేదు.

దీపావళి ముందు దినం అది.
అంగట్లో ఇంకా ఏడు మిషన్లు నా కోసం నోరు తెరుచుకోనుండె.
దొంగ విండోస్ సంతకం కుదరక తెర ఎర్రగా అరుస్తాంటే,
ఈ పత్తి కాటాకు కావలెందుకులే అని
తాళాలన్నీ ఒక్క నొక్కుతో తుడిచేసి,
తెప్పించిన ఉగ్గాని చల్లారకముందే
మూడొందలు జేబులో ఏసుకొని పోయినా.

"ఫ్యాక్టరీ తాళాలు తిరిగి పెట్టాలా?"
తెర అడిగింది.
అవునన్నా.
సెక్యూర్ బూట్ ఆన్ చేసినా.
లోపలికి పోయే దారికి పాస్‌వర్డు పెట్టి
ఈరన్న చెవిలో చెప్పినా,
నేను మర్చిపోవాల అనుకుంటా.

ఎఫ్‌టెన్.
తెర నల్లబడింది.
ఆ చీకట్లో బోర్డు లోడరును ఆపి అడుగుతుంది,
నువ్వెవరు, నీ సంతకమేది అని.
లోడరు తన ఎనకాలొచ్చేదాన్ని అడుగుతుంది.
నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

అక్షరాలొచ్చినాయి.
కాటా సున్నా చూపించింది.

"ఎంతయిందప్పా?"
"బిళ్ళకు నలభై."
"మరి పనికి?"

చుట్టిన వైరే ఇప్పి మళ్ళీ చుడతాండా.
బయట మొదటి ట్రాక్టరు దగ్గి లేచింది.
ముందు చక్రాలెక్కినాయి, ఎనక చక్రాలెక్కినాయి,
ఇనుపరేకు ఒక్క వేలెడు కిందికి దిగి
అట్లే నిలబడింది.