కచ్చా కుట్టు

మలక్‌పేట గంజ్ వెనక సందులో
మెట్రో పిల్లరు నీడ పదకొండింటికి మా క్లినిక్ గుమ్మం ఎక్కుతుంది.
ఆ వేళకే వచ్చింది అండాలమ్మ,
పైట కొసకి గుచ్చిన సూది తీయడం మరిచి.

"దిల్‌సుఖ్‌నగర్‌ల రెండు దినాల్ల బిగిస్తమని బోర్డు పెట్టిండ్రు.
మీకెన్ని దినాలు మేడమ్?"
ఇంకా కుర్చీ ఎక్కనే లేదు.

కింద ఎడమవైపు దవడపన్ను లేక ఆరేళ్లు.
వెనక పన్ను ముందుకు ఒరిగింది,
బస్సులో సీటు దొరికిన మనిషి
మెల్లగా మోచేయి చాపినట్టు.
పైపన్ను తన జోడీని వెతుక్కుంటూ కిందికి దిగింది.

అద్దం పట్టుకోకముందు అడుగుతున్నాను:
షుగరుందా? బీపీకి ఏం వేసుకుంటారు?
ఆ పన్ను ఎట్లా పోయింది, ఎవరు తీశారు?
రాత్రిళ్లు పళ్లు నూరుతారా?
"పండుకున్నంక నాకేం తెలుస్తది?
ఇసుర్రాయి సప్పుడొస్తదని మా ఆడిబిడ్డ అంటది."
రాసుకున్నాను.
దవడ కండరం నా వేళ్ల కింద నులిమిన తాడు.

"ఒక్క పన్నుకు గిన్ని సవాల్లా?"

సుదర్శనరావు సంగతి ఆమెకు చెప్పలేదు.
కొత్తగా బోర్డు పెట్టిన ఏడు.
ఆదివారం కూతురి నిశ్చితార్థం అన్నాడు.
ఎక్స్‌రేలో పొట్టి వేరు చూసి కూడా
దాని మీదే బ్రిడ్జి నిలబెట్టాను.
ఏడో నెల రుమాల్లో మూటకట్టి తెచ్చాడు,
మోసిన పన్నుతో సహా.
ఏమీ అనలేదు. బల్ల మీద పెట్టి మంచినీళ్లు అడిగాడు.
రుమాలు అంచున ఆకుపచ్చ గీత.

అండాలమ్మ చిగుళ్లలో కొలపుల్ల దించితే
దిగినచోటల్లా ఎర్రచుక్క.
షుగరు రెండువందల నలభై.
"ఈ నెల వద్దు" అన్నాను.
ముందు క్లీనింగు, మందులు, పొద్దున్నే నడక.
అసలు మాట కూడా చెప్పాలి గదా:
పోయినదాన్ని నిలపడానికి
పక్కనున్న రెండు మంచి పళ్లని అరగదీయాలి,
అరగదీసింది మళ్లీ పెరగదు.
ఇంప్లాంటు ఇంకో దారి, దాని ఖర్చు ఇంత.
ఏమీ చేయకపోవడమూ ఒక దారే.
ఈ మూడోది చెప్పేటప్పుడు
అద్దె గుర్తొచ్చి నా గొంతు కాస్త తగ్గుతుంది.

వారం తర్వాత ప్లాస్టర్ అచ్చు చేతికిచ్చాను.
"ఇది నా నోరా!"
బట్ట తిరగేసి లోపలి కుట్టు చూసినట్టు చూసింది.
"మాదీ గంతే మేడమ్.
కొలత, కచ్చా కుట్టు, తొడిగి చూసుడు, గప్పుడు మిషను.
కత్తెర పడ్డంక ఏడిస్తె ఏం ఫాయిదా?"

పైన ముందరి పన్ను కొసన సన్నని గాడి,
ముప్పై ఏళ్లు దారం తెంపిన చోటు.
దాన్నీ పూడుస్తాను, పైసలొద్దు అన్నాను.
"అది నా కత్తెర. ముట్టకు."
కేసు షీటులో రాశాను:
గాడి. రోగి వద్దన్నది.

మూడు నెలలకు షుగరు నూట ముప్పై.
ట్యూబులైటు ఆర్పి కిటికీ వెలుగులో రంగు కలిపాం.
తెల్లటి తెలుపు కాదు,
ఆరిన చాయ్ మీది మీగడ.
రెండు వారాలు తాత్కాలిక తొడుగులతో తిరిగింది.
ఇవాళ నీలి కాగితం కొరికించాను.
"ఎత్తుంది."
చుక్క పడినచోట గీశాను.
"ఇంకొంచెం."
మళ్లీ.
అప్పుడు సిమెంటు పెట్టి, దూది కొరకమన్నాను.
పది నిమిషాలు నోరు తెరవొద్దు.

మాటలేని అండాలమ్మకి
నా తెల్లకోటు మీద వేలాడుతున్న గుండీ కనపడింది.
పైట కొస సూది తీసి,
నన్ను కదలొద్దని కళ్లతో చెప్పి,
నాలుగు పోట్లు వేసింది.
అలవాటుగా దారం నోటి దగ్గరికి తీసుకుంది.

"ఉహూ" అన్నాను.

ఆగింది.
ఆమె వేళ్లకీ నా గుండీకీ మధ్య తెగని దారం.
గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలు.